కాల్చి చూడని ఊలు

పోయిన నెల హైదరాబాదులో ఒక షాపులో తిట్లు తిన్నాను. అల్లిక సామాన్లు అమ్మే షాపు అది. ఊలు ఉండ ఒకటి చేతిలోకి తీసుకుని, దాని కొస రెండంగుళాలు బయటికి లాగి, బ్యాగులో లైటర్ కోసం వెతుకుతున్నాను. నేను సిగరెట్లు తాగను. లైటర్ కొన్నదే ఇందుకు. అంటించబోతుంటే సేల్స్ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "మేడం, ఏం చేస్తున్నారు? షాపు తగలబెడతారా?" అని చెయ్యి పట్టుకుంది.

మామూలుగా అయితే ఒక మాటకి పది మాటలనే రకాన్ని. ఆ రోజు సారీ చెప్పి బయటికొచ్చేశాను.

ఊలు కొస కాల్చి చూసే అలవాటు నాది కాదు. అమలాపురంలో మా కింద వాటాలో ఉండే మామ్మగారిది. ఆవిడ పోయి అప్పటికి మూడు నెలలు.

నాన్నకి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద మేము అమలాపురం వెళ్ళాం. నాకు ఇంట్లోంచే ఉద్యోగం. ఫోన్‌లో సిగ్నల్ ఉంటే చాలు, ఏ ఊరైనా ఒకటే అనుకునేదాన్ని. పై వాటాలో మాకు సిగ్నల్ సరిగా ఉండేది కాదు. అందుకని మా మేనేజర్‌తో గొడవ పడాల్సి వచ్చినప్పుడల్లా కింద వరండాలోకి దిగి గొడవ పడేదాన్ని. ఆ వరండాలో మామ్మగారు కుర్చీలో కూర్చుని క్రోషా సూదితో ఏదో అల్లుతూ ఉండేవారు. వాళ్ళమ్మాయి బళ్ళో టీచరు. పగలంతా మామ్మగారూ, టీవీలో సీరియలూ.

మొదటిరోజు గొడవ అయ్యాక, ఫోన్ పెట్టేసి, మర్యాద కోసం అడిగాను.

"ఏం అల్లుతున్నారండీ?"

"అరవై మూడు," అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"అరవై ఆరు."

చెవుడేమో అనుకున్నాను. ఇంకాసేపటికి వరస పూర్తిచేసి, సూది ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి చూశారు. "ఆయ్, ఇప్పుడు చెప్పమ్మా. ఫోన్‌లో ఎవర్నో కోసి కారం పెడుతున్నావ్, ఎవరా అదృష్టవంతుడు?"

లెక్కలో ఉన్నప్పుడు ఎవరు పలకరించినా ఆవిడ జవాబు అంకెలోనే. పాలబ్బాయి పిలిచినా, కూతురు పిలిచినా అంతే. ఒకసారి ఓట్లకి తిరుగుతున్నవాళ్ళు గుంపుగా వచ్చి దణ్ణం పెడితే, "నూట పన్నెండు" అని తిరిగి దణ్ణం పెట్టారు. వాళ్ళు అది ఓటరు నంబరనుకుని రాసుకుని వెళ్ళిపోయారు.

నేనూ క్రోషా నేర్చుకున్నాను, ఫోన్‌లో వీడియోలు చూసి. బొమ్మలు అల్లి ఫోటోలు పెట్టేదాన్ని. అందులో నాకు కొన్ని పట్టుదలలు ఉండేవి. అసలైన ఊలు తప్ప ముట్టను, ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్, ప్లాస్టిక్ అంటే పాపం. రెండో రోజో మూడో రోజో ఆవిడ చేతిలో గులాబీరంగు ఆక్రిలిక్ టోపీ చూసి ఉపన్యాసం మొదలెట్టాను. ఉతికినప్పుడల్లా దాన్లోంచి సన్నటి పోగులు ఊడతాయనీ, కాలవలో కలుస్తాయనీ, కాలవ సముద్రంలో కలుస్తుందనీ, చేపలు తింటాయనీ, ఆ చేపల్ని మనం తింటామనీ.

ఆవిడ పూర్తిగా విన్నారు. కొబ్బరాకుల మీద గాలి విన్నట్టు విన్నారు.

"ఈ టోపీ ఎవరికో తెలుసా?"

"తెలీదు."

"మన వీధి చివర ఆటో అబ్బాయి కూతురికి. వాళ్ళమ్మ రోజూ బండ మీదేసి, సబ్బెట్టి, బ్రష్షు పెట్టి మరీ ఉతుకుతాది. గొర్రెది ఇచ్చేననుకో, నాలుగో రోజుకి ఆ టోపీ నిమ్మకాయకి కూడా పట్టదు. అప్పుడు ఆ పిల్ల నెత్తి మీద ఏవుంటాది? నీ పుణ్యం ఉంటాదా?"

ఆవిడకి ఊలు రెండు రకాలు. గొర్రెది, కంపెనీది. ఏది గొప్పదని ఎప్పుడూ అనలేదు. ఎవరైనా ఏదైనా అల్లిపెట్టమని వస్తే, రంగు గురించీ సైజు గురించీ అడగడానికి ముందు ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే: "ఉతికేదెవరండీ?"

వచ్చినవాళ్ళు తెల్లబోయేవారు. పట్నం హాస్టల్లో ఉండే అమ్మాయికి స్వెట్టరు కావాలంటే, "మెషిన్లో పడేస్తాదా? అయితే కంపెనీది. వారానికోసారి ఇంటికి తెచ్చుకుని మీచేత ఉతికించుకుంటాదా? అయితే ఆలోచిద్దాం" అనేవారు. ఒకసారి ముమ్మిడివరం నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళాయన రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడట, మంచు పడే రోజుల్లో వేసుకోడానికి స్వెట్టరు కావాలంది. మామ్మగారు అలవాటు ప్రశ్న అడిగి, ఇంకోటి కూడా అడిగారు.

"గట్టు మీద మంట వేసుకుంటారా ఆయన?"

"వేసుకోకుండా ఎలాగండీ! ఆయ్, దానెదురుగానే కూర్చుంటారు."

"అయితే గొర్రెదే. కంపెనీదాని మీద నిప్పురవ్వ పడిందా, కరిగి ఒంటికి అతుక్కుపోతాది. గొర్రెది అలా కాదు, మాడి ఊరుకుంటాది."

"గుచ్చుకుంటాదంట కదండీ?"

"బనీను వేసుకోమనండి. బనీను మర్చిపోతే అదే గుర్తు చేత్తాది."

అందుకే కొత్త ఊలు ఇంట్లోకి వస్తే ముందు కొస కాల్చేవారు. చీటీ మీద ఏం రాసుందో చూసేవారు కాదు. అగ్గిపుల్ల గీసి, కొస చూపించి, ఆర్పి, ముక్కు దగ్గర పెట్టుకునేవారు. గొర్రెదైతే మన వెంట్రుక కాలిన వాసన వస్తుంది, వేళ్ళతో నలిపితే బూడిదై రాలిపోతుంది. కంపెనీదైతే నల్లగా పొగ వచ్చి, కరిగి, చివర గట్టి పూసలా కడుతుంది. ఆ పూసని గోటితో గీరినా రాదు. గొర్రెదని తేలితే, వేపాకూ పొగాకూ పరిచిన బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టేవారు. కంపెనీదైతే గుడ్డ సంచీలో పడేసేవారు. "దీన్ని పురుగు కూడా తినదు, బాధ లేదు," అనేవారు.

ఇన్ని అల్లికలు అల్లేవారు గానీ, ఆవిడ మనసంతా ఒక్కదాని మీద ఉండేది. పి.గన్నవరం రోడ్డులో కాలవ దాటాక ఒక ఘనపాఠిగారు ఉన్నారు. వేదం మొత్తం ముందుకీ వెనక్కీ నోటికొచ్చిన మనిషి, ఎనభై దాటాయి. ఆయన జపానికి కూర్చునే ఊలు ఆసనం మామ్మగారే అల్లేవారు. చతురస్రంగా, రెండు పేటల దారంతో, మందంగా. నాలుగైదేళ్ళకోసారి పాతది అరిగిపోయాక కొత్తది. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే ఏర్పాటు.

"ఊలే ఎందుకు? మెత్తటి నూలుతో అల్లొచ్చుగా," అన్నాను.

"వాళ్ళకి మడి ఉంటాది కదమ్మా. నూలుదైతే మనం ముట్టుకుంటే పనికిరాదు. తడిపి, ఎవరూ తగలకుండా ఆరేసుకోవాలి, అదీ రోజూ. ఊలుకీ పట్టుకీ ఆ బాధ లేదంట. ఎవరు ముట్టుకున్నా మైల అంటదంట."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అంటే మీరు ముట్టుకుంటే మైలా? మీరు అల్లిపెట్టాలి, మళ్ళీ మీరే మైలా? గొర్రె మాత్రం రోజూ స్నానం చేస్తుందా?"

ఆవిడ పగలబడి నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "గొర్రె సంగతి ఆయన్నే అడుగు, చెప్తారు. మంచాయన," అన్నారు. తర్వాత కాసేపు అల్లి, లెక్క ఆపి, అన్నారు. "అందుకే నాకు ఆ పని ఇష్టం అమ్మాయ్. నా చేతిలోంచి తిన్నగా ఆయన పీట మీదకెళ్తాది. మధ్యలో నీళ్ళు పడవు. నేనిచ్చింది తడుపుకోకుండా తీసుకునేది ఆ ఇంట్లో అదొక్కటే."

అలా తీసుకోవడానికి ఆయనకి కావలసింది ఒక్కటే, అది నిజంగా ఊలై ఉండాలి. ఆ సంగతి చూసే పూచీ మామ్మగారిది. ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదట.

ఆ సంవత్సరం ఘనపాఠిగారు నలభై రోజుల పారాయణ తలపెట్టారు. భార్య జబ్బు నయమైతే చేస్తానని మొక్కుకున్నది. ఆవిడకి నయమైంది. పారాయణకి కొత్త ఆసనం కావాలని కబురొచ్చింది. కానీ మామ్మగారికి గొర్రె ఊలు తెచ్చిచ్చే రాజమండ్రి కొట్టాయన కాలం చేశాడు, కొడుకు ఆ కొట్లో సెల్‌ఫోన్ కవర్లు పెట్టాడు. "నీ ఫోన్‌లో దొరకనిది లేదంటావుగా," అని నన్ను అడిగారు. నేను ఐదు నిమిషాల్లో ఆర్డర్ పెట్టేశాను. నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛమైన ఊలు, నాలుగున్నర చుక్కల రేటింగు.

పార్సిల్ వచ్చిన రోజు నేనే విప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాను. గంధపు రంగు, ఎంత మెత్తగా ఉందో. ఆవిడ చెంపకి ఆనించుకుని చూసి, కుర్చీ పక్కనున్న అగ్గిపెట్టె తీశారు.

అప్పుడే మేనేజర్‌తో ఒక గొడవ అయ్యి ఉంది. ఆ వేడి తగ్గలేదు. "మళ్ళీ కాల్చడం ఏంటి మామ్మగారూ? ప్యాకెట్ మీద ఇంతలేసి అక్షరాలతో రాసుంటే! మూడొందల మంది బాగుందని రాస్తే! నా మీద నమ్మకం లేదా, ఫోన్ మీద నమ్మకం లేదా? అంత నమ్మకం లేనప్పుడు నన్నెందుకు తెమ్మన్నారు?" అన్నాను. అన్నాను అంటున్నాను గానీ, అరిచాను.

ఆవిడ అగ్గిపుల్ల పెట్టెలో వెనక్కి పెట్టేశారు. "సర్లే అమ్మా. కోప్పడకు. బాగుంది," అన్నారు. పెట్టె మూసిన చప్పుడు చిన్నగా వినిపించింది. నేను గెలిచాననుకుని మేడెక్కాను.

పన్నెండు రోజుల్లో ఆసనం అయింది. పారాయణ మొదలయ్యే ముందురోజు ఘనపాఠిగారి కోడలు వచ్చి తీసుకెళ్ళింది.

పారాయణ పదకొండో రోజు సాయంత్రం, మామ్మగారు దోమలకని వరండా ముందు ఎండు కొబ్బరి పీచు డొక్కలు అంటించారు. ఊడ్చిన చెత్తలో కత్తిరించిన గంధపు రంగు ఊలు కొసలు ఉంటే అవీ మంటలో వేశారు. "అమ్మాయ్, ఒకసారి కిందకి రామ్మా," అని పిలిచిన గొంతు విని నేను చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. పొగలో ప్లాస్టిక్ కాలిన వాసన నాకూ తెలిసింది.

ఆవిడ మిగిలిన ఊలు ఉండ తెచ్చి, కొస లాగి, అగ్గిపుల్ల గీశారు. నల్లటి పొగ. పూస చల్లారేదాకా ఆగి, నా అరచేతిలో పెట్టారు.

నేను చెయ్యగలిగింది చేశాను. అమ్మినవాణ్ణి మెసేజుల్లో ఉతికి ఆరేశాను, ఒక్క చుక్క ఇచ్చి పెద్ద రివ్యూ రాశాను, అది ఆవిడకి చదివి వినిపించాను.

"వాడికెన్ని చుక్కలిస్తే ఏం లాభం తల్లీ? ఆసనం ఊలైపోతాదా?" అన్నారు. ఉండ సంచీలో వేసి, "రేపు నన్ను బండి మీద తీసుకెళ్తావా?" అని అడిగారు.

"ఎక్కడికి? చెప్పడానికా? ఎందుకండీ! ఆయన ఎలాగూ కాల్చి చూడరు. పదకొండు రోజులు అయిపోయాయి. ఇప్పుడు చెప్తే ఏం చేస్తారు, మళ్ళీ మొదటినుంచా? ఆ వయసులోనా? చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు."

"ఆయన కూర్చుంది నా మాట మీద అమ్మాయ్. ఊలు మీద కాదు."

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాం. బండి వెనక ఆవిడ ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో ఊలు ఉన్న సంచీ పట్టుకుని కూర్చున్నారు. ఘనపాఠిగారు భోజనం చేసి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. మోకాళ్ళకి ఏదో నూనె రాసుకున్న వాసన. మమ్మల్ని చూసి ఆనందంగా, "రండమ్మా, రండి. మీ ఆసనం ఎంత సుఖంగా ఉందో! ఇంత మెత్తటిది మీరెప్పుడూ అల్లలేదు," అన్నారు.

మామ్మగారు అరుగు కింద మెట్టు మీద కూర్చుని, ఏ ముందుమాటా లేకుండా చెప్పేశారు. "అది ఊలు కాదండి బాబూ." సంచీలోంచి ఉండ తీసి ఆయన ఎదురుగానే కాల్చి చూపించారు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి ఆ పూసని చూశారు.

"అయితే ఈ పన్నెండు రోజులూ నేను ప్లాస్టిక్ బకెట్టు మీద కూర్చున్నట్టేనన్నమాట," అన్నారు.

లోపల గుమ్మం దగ్గర కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో భయానికో. మామ్మగారు నవ్వలేదు.

"రేపటినుంచి మళ్ళీ ఒకటో రోజు. పాత ఆసనం అటక మీదుంది, దింపించమ్మా," అన్నారాయన కోడలితో.

"మీ మోకాళ్ళండీ..." అన్నారు మామ్మగారు.

"మోకాళ్ళు నావి. మొక్కు దేవుడిది. దాన్ని తగ్గించడానికి నేనెవర్ని?" అని, కాస్త ముందుకి వంగి, నెమ్మదిగా అడిగారు. "మీరు కాల్చి చూడందే అల్లరు కదమ్మా. ఈసారి ఎందుకు చూడలేదు?"

నేను ఆవిడకి జానెడు దూరంలో కూర్చున్నాను. నోరు తెరవడానికి నాకు టైము ఉంది. ఆవిడ వెంటనే చెప్పలేదు, కొంగు సర్దుకున్నారు, సంచీ మూతి ముడేశారు. ఆ టైములో నేను చేసింది ఫోన్ తీసి చూసుకోవడం. మెసేజేమీ లేదు.

"మర్చిపోయేనండి," అన్నారు మామ్మగారు. "వయసు మీద పడింది కదండీ. కళ్ళూ అంతే."

నిజం చెప్పడానికి ఎండలో అంత దూరం వచ్చిన మనిషి, అక్కడ కూర్చుని ఆ ఒక్క అబద్ధం ఆడారు. తిరుగుదారిలో బండి ఆపి, "ఎందుకలా చెప్పారు?" అని అడిగాను. అడగడం కూడా కోపంగానే అడిగాను. "నువ్వు చిన్నపిల్లవి. ఆయన ముందు నీ మాటెందుకు?" అన్నారు. "పోనీ, పోనీ. ఎండగా ఉంది."

తర్వాత నేను నలుగురు అమ్మకందార్ల దగ్గర నమూనాలు తెప్పించాను. వరండాలో కూర్చుని నాలుగూ కాల్చాం. మూడు పూసలు కట్టాయి. నాలుగోది వెంట్రుక వాసన వచ్చి బూడిదైంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎవరూ అడక్కుండానే కొత్త ఆసనం మొదలెట్టారు. పన్నెండు వరసలు అయ్యాక, ఘనపాఠిగారింటికి కబురు చెయ్యమంటే నేనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. కోడలు ఎత్తింది.

"అయ్యో, మీకు చెప్పనేలేదండీ. మావయ్యగారు కాశీ వెళ్ళేవాళ్ళ చేత ఆసనం తెప్పించుకున్నారండి. ఇంక మిమ్మల్ని శ్రమ పెట్టకూడదన్నారు. మతిమరుపొచ్చింది, కళ్ళు ఆనట్లేదు, పాపం ఎందుకు కష్టపెట్టడం అన్నారండి."

"ఆయ్," అన్నారు మామ్మగారు. "మంచిదండి. ఆయ్. ఆయ్."

మామ్మగారు కుట్టుసూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించేవారు, అద్దాలు లేకుండా. సీరియల్‌లో రెండేళ్ళ కిందట ఎవరు ఎవరికి విషం పెట్టారో చెప్పేవారు.

ఆ పన్నెండు వరసలూ విప్పేశారు. విప్పుతుంటే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఉండ చుట్టమన్నారు. చుట్టాను. దాన్ని వేపాకుల మధ్య డబ్బాలో పెట్టి మూత బిగించారు. ఆ తర్వాత కూడా టోపీలు అల్లారు, ఆటో అబ్బాయి రెండో కూతురికి కూడా అల్లారు, "ఉతికేదెవరండీ" అని అడుగుతూనే ఉన్నారు. ఆ డబ్బా మాత్రం మళ్ళీ తియ్యలేదు.

నాన్నకి మళ్ళీ ట్రాన్స్‌ఫరై మేము హైదరాబాదు వచ్చేశాక, ఆవిడ పోయారని వాళ్ళమ్మాయి పెట్టిన మెసేజ్ నేను మీటింగులో ఉండగా చూశాను. పెద్దకర్మకి అమ్మా నాన్నలతో వెళ్ళాను. భోజనాలయ్యాక, ఎవరికీ చెప్పకుండా నాన్న పాత స్నేహితుడి బండి అడిగి తీసుకుని, కాలవ దాటి వెళ్ళాను.

ఘనపాఠిగారు అదే పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. నేనే చెప్పుకున్నాను. మామ్మగారు పోయారని ఆయనకి తెలుసు. "మంచి మనిషి. చివర్లో కాస్త మతి తప్పింది పాపం," అన్నారు.

"తప్పలేదండి," అన్నాను. "ఆ రోజు ఆవిడ అగ్గిపెట్టె చేతిలోకి తీశారండి. నేనే అరిచి ఆపాను. మీ దగ్గర నా మాట రాకూడదని మర్చిపోయానన్నారు. నేను పక్కనే కూర్చుని విన్నానండి."

ఆయన పడక్కుర్చీలోంచి ముందుకి వంగారు.

"అయితే మతిమరుపు కాదన్నమాట."

"కాదండి."

"కళ్ళూ కాదు."

"కాదండి."

"ఈ మాట ఆవిడ ఉండగా చెప్పుంటే, మళ్ళీ ఆవిడ చేతే అల్లించుకునేవాణ్ణి కదమ్మా," అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. కోపానికి ఏం జవాబివ్వాలో నాకు తెలుసు.

ఆయన ఇల్లు మా ఇంటినుంచి బండి మీద పావుగంట. మేమిద్దరం వెళ్ళొచ్చిన ఆ మధ్యాహ్నం తర్వాత, మేము అమలాపురంలో ఇంకా ఏడు నెలలు ఉన్నాం.